భజన పెట్టెతో తంబుర శ్రుతి కలపడం ఎలా: షడ్జం పెట్టె నుంచి, పంచమం తీగ నుంచి

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లోని భజన మండళ్ల వారు, కొత్తగా సంగీతం నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. తంబురను విడిగా మీటితే నాదం నిండుగా ఉంటుంది, హార్మోనియం, అంటే భజన పెట్టె, విడిగా వాయిస్తే అదీ బాగానే ఉంటుంది, రెండూ కలిసి మోగగానే మాత్రం పంచమం (ప) దగ్గర నాదం ఊగుతుంది, గాంధారం (గ) దగ్గర చెవికి గుచ్చుకుంటుంది. తప్పు తంబురదా, పెట్టెదా, కలిపినవారిదా అని అడుగుతారు. చాలాసార్లు తప్పు ఎవరిదీ కాదు. నాలుగు తీగలనూ పెట్టె మెట్లతో సరిచూసి కలపడం వల్లనే ఈ చిక్కు వస్తుంది. షడ్జాన్ని (స) మాత్రమే పెట్టె నుంచి తీసుకొని, మిగిలినదంతా తంబుర తీగల నుంచే తీసుకుంటే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఆ పద్ధతినే ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

నాలుగు తీగల తంబుర, హార్మోనియం, జీవ కోసం, అంటే నాదం విచ్చుకునేలా తీగ కింద పెట్టడానికి, సన్నని నూలుదారం, తీగలు బిగించే బిరడాలు జారకుండా రాయడానికి సుద్దముక్క, తీగ పొడవు కొలవడానికి టేపు, పెన్సిలు, ఒక జత అదనపు తీగలు కావాలి. ఫోనులో ట్యూనర్ యాప్ ఉంటే సరిచూసుకోవడానికి పనికివస్తుంది, లేకపోయినా పని ఆగదు. అన్నిటికంటే ముఖ్యంగా కావలసినది నిశ్శబ్దం. తాళాలు, చిడతలు మోగుతున్నప్పుడు, మైకు సరిచేస్తున్నప్పుడు శ్రుతి కలపడానికి కూర్చోకండి. భజన మొదలు కావడానికి అరగంట ముందు గుడి వెనుక గదిలోనో, పక్క ఇంటి వసారాలోనో కూర్చోండి. ఫ్యాను ఆపేయండి.

1. పెట్టెను సరిచేసుకోండి

చాలా పెట్టెల్లో రెండు వరసల రీడ్లు (గాలికి కంపించి మోగే లోహపు నాలుకలు) ఉంటాయి. ముందున్న గుండీలలో ఒక్క వరసకు గాలి ఇచ్చేదాన్ని మాత్రమే లాగి, మిగిలినవి మూసివేయండి. ఒక మెట్టు నొక్కితే పై స్థాయి మెట్టు కూడా తానే దిగే కప్లర్ ఉంటే దాన్నీ విడదీయండి. రెండు వరసల రీడ్లు తమలో తాము సరిగా కలవకపోతే ఆ ఊపు పెట్టెలోనే పుడుతుంది. అది తంబురలో ఉందనుకొని గంటల తరబడి బిరడాలు తిప్పేవారు ఉన్నారు. ఒక్క మెట్టు నొక్కి పట్టుకొని, తంబుర మోగకుండా, పెట్టె నాదం మాత్రమే వినండి. అది నిలకడగా ఉంటేనే ముందుకు వెళ్లండి.

తిత్తిని ఒకే బలంతో, నెమ్మదిగా ఊదాలి. గాలి బలం పెరిగితే రీడు శ్రుతి కాస్త దిగుతుంది, కింది స్థాయి మెట్లలో ఇది మరీ తెలుస్తుంది. పెట్టె వాయించేవారు వేరే ఉంటే ఈ మాట వారికి ముందే చెప్పండి.

2. షడ్జాన్ని నిర్ణయించుకోండి

పాడేవారి గొంతును బట్టి శ్రుతి పెట్టుకోవాలి. పెట్టె మెట్ల అంకెలతో చెబితే (ఒకటి అంటే C, ఒకటిన్నర అంటే C#), పురుషులకు సాధారణంగా ఒకటి నుంచి రెండున్నర వరకు, స్త్రీలకు ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతులు అనువుగా ఉంటాయి. ఈ వ్యాసంలో అన్ని అంకెలూ ఒకటిన్నర శ్రుతికే ఇస్తున్నాను. A స్వరం సెకనుకు 440 కంపనాలనే ప్రమాణంతో తయారైన పెట్టెలో ఒకటిన్నర మెట్టు మధ్య షడ్జం సెకనుకు 138.6 కంపనాలు ఇస్తుంది. మీ పెట్టె పాతదైతే, రీడ్లకు దుమ్ము పట్టి ఉంటే అది కాస్త అటూ ఇటూ ఉండవచ్చు. అందుకే ఫోను చూపే షడ్జం కంటే పెట్టె ఇచ్చే షడ్జాన్నే నమ్మండి, ఎందుకంటే భజనలో మోగబోయేది పెట్టె.

ఒక హెచ్చరిక. పురుషుల శ్రుతికి కట్టిన తంబురను ఐదు శ్రుతికి లాగకండి. తీగ తెగి ముఖానికి తగిలే ప్రమాదం ఉంది. అంత తేడా ఉంటే సన్న తీగలు మార్చి కట్టాలి, లేదా స్త్రీల గానానికి వేరే తంబురనో, ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టెనో వాడుకోవాలి.

3. సారణి, అనుసారణి

నడుమనున్న రెండు ఉక్కు తీగలే సారణి, అనుసారణి. వాటిని మధ్య షడ్జానికి కలపాలి. మొదట సారణిని తీసుకోండి. బిరడాను లోపలికి నొక్కి పట్టుకొని తిప్పండి. ఎప్పుడూ శ్రుతి కంటే కిందికి దించి, అక్కడి నుంచి పైకి తీసుకురండి. పై నుంచి కిందికి దించి ఆపిన తీగలో బిగువు సమంగా పరుచుకోదు, కాసేపటికి మళ్లీ జారుతుంది.

పెట్టె షడ్జానికి దగ్గరవుతున్నకొద్దీ రెండు నాదాల మధ్య ఊపు వినిపిస్తుంది. భౌతికశాస్త్ర పుస్తకాలలో వీటినే విస్పందనాలు అంటారు. రెండింటి మధ్య సెకనుకు ఎన్ని కంపనాల తేడా ఉంటే, సెకనుకు అన్ని ఊపులు వినిపిస్తాయి. ఊపు వేగంగా ఉంటే తేడా ఎక్కువ, నెమ్మదిస్తే తేడా తగ్గుతున్నట్లు. పూర్తిగా ఆగిపోయినచోట బిరడా వదిలేయండి. ఆ తరువాత పెట్టెను ఆపేసి, అనుసారణిని సారణితోనే కలపండి, పెట్టెతో కాదు. చివరి సవరణ గుర్రం (తంబుర బుర్ర మీద తీగలను మోసే దిమ్మ) కింద ఉన్న పూసలతో చేయాలి. పూసను గుర్రానికి దూరంగా, కిందివైపు జరిపితే తీగ బిగుస్తుంది, గుర్రం వైపు జరిపితే వదులవుతుంది.

ఏక్‌తార (ఒంటితీగ వాద్యం) మాత్రమే ఉన్న మండళ్లకు ఇక్కడితో పని పూర్తయినట్లే, ఆపై ఏడో భాగంలో పెట్టె గాంధారం గురించి చెప్పింది చూసుకుంటే చాలు.

4. మంద్రం

నాలుగో తీగ అయిన మంద్రం ఇత్తడిది. దాన్ని సారణికి సరిగ్గా ఒక స్థాయి కింద, అంటే సెకనుకు 69.3 కంపనాలకు కలపాలి. ఇక్కడ చెవి మోసపోతుంది, ఎందుకంటే ఇంత కింది నాదంలో చిన్న తేడాలు నేరుగా తెలియవు. దీనికి సులువైన మార్గం ఉంది. పైన తీగ ఆనే పట్టీ నుంచి గుర్రం వరకు తీగ పొడవు కొలవండి. అది 90 సెంటీమీటర్లు అనుకుందాం. సరిగ్గా సగంలో, 45 సెంటీమీటర్ల దగ్గర, దండి మీద పెన్సిలుతో సన్నని గీత పెట్టండి. ఎడమచేతి వేలిని ఆ గీత ఎదురుగా తీగ మీద తేలికగా ఆనించండి, నొక్కవద్దు. కుడిచేత్తో మీటి, వెంటనే ఎడమచేతి వేలు తీసేయండి. అప్పుడు మంద్ర షడ్జానికి రెట్టింపు స్వరం, అంటే మధ్య షడ్జం, గంటలా స్వచ్ఛంగా మోగుతుంది. దాన్ని సారణితో పోల్చి ఊపు ఆగేదాకా సరిచేయండి.

ఇదే తీరుగా 30 సెంటీమీటర్ల దగ్గర, 18 సెంటీమీటర్ల దగ్గర కూడా గీతలు పెట్టుకోండి. ఐదో, ఏడో భాగాల్లో అవి కావాలి. మీ తీగ పొడవు వేరైతే సగం, మూడో వంతు, ఐదో వంతు లెక్కవేసుకోండి.

5. పంచమం: ఇక్కడ పెట్టెను మరిచిపోండి

మంద్ర షడ్జపు తీగను మీటినప్పుడు అందులో ఒక్క స్వరమే మోగదు. 69.3తో పాటు దాని రెట్లన్నీ, అంటే 138.6, 207.9, 277.2, 346.5 కంపనాల స్వరాలూ ఆ ఒక్క తీగలోనే పుడతాయి. వీటినే మన పెద్దలు స్వయంభూ స్వరాలన్నారు. రెండు రెట్లది మధ్య షడ్జం, మూడు రెట్లది పంచమం, నాలుగు రెట్లది తార షడ్జం, ఐదు రెట్లది అంతర గాంధారం. పంచమం బయటి నుంచి తెచ్చిపెట్టేది కాదు, షడ్జంలోనే ఉంది. మనం చేయవలసిందల్లా తంబురలో మొదటిదైన పంచమపు తీగను దానికి ఎదురుగా నిలబెట్టడమే.

మంద్రపు తీగ మీద మూడో వంతు గీత దగ్గర, 30 సెంటీమీటర్ల చోట వేలు ఆనించి మీటండి. 207.9 కంపనాల పంచమం వినిపిస్తుంది. ఇప్పుడు పంచమపు తీగను సగంలో ఆనించి మీటండి. తీగ సరిగా ఉంటే అదీ 207.9 ఇవ్వాలి. రెండింటినీ ఒకదాని వెంట ఒకటి మీటుతూ, రెండూ కలిసి మోగుతున్నప్పుడు ఊపు లేకుండా చేయండి. అప్పుడు తెరిచి మీటిన పంచమపు తీగ 103.95 దగ్గర నిలుస్తుంది.

పెట్టెలోని పంచమపు మెట్టుతో కలిపితే ఏమవుతుందో చూడండి. హార్మోనియంలో స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు. ఏ మెట్టునైనా షడ్జంగా పెట్టుకొని పాడుకునే వీలు కోసం ఆ ఏర్పాటు. ఒక్కో భాగానికి 100 సెంట్లు అంటారు. పెట్టెలో పంచమం 700 సెంట్లు, తీగలోని స్వయంభూ పంచమం దాదాపు 702 సెంట్లు. రెండు సెంట్లే కదా అనిపిస్తుంది. పెట్టె పంచమానికి కలిపిన తీగ 103.83 దగ్గర నిలుస్తుంది. దాని నాలుగు రెట్లు 415.3, సారణి మూడు రెట్లు 415.8. ఈ రెండూ కలిసి మోగినప్పుడు సుమారు రెండు సెకన్లకు ఒక ఊపు వస్తుంది. తంబుర గంటసేపు ఆగకుండా మోగే వాద్యం కాబట్టి ఆ ఊపు పాడేవారి చెవిలో గంటసేపూ ఉంటుంది. పెట్టె పంచమం అప్పుడప్పుడు మోగి పోతుంది, తీగ పంచమం నిలిచి ఉంటుంది. అందుకే నిలిచి ఉండేదాన్ని స్వచ్ఛంగా ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం.

పున్నాగవరాళి, చెంచురుట్టి వంటి రాగాల్లో మధ్యమ శ్రుతిలో పాడే కీర్తనలు ఉంటే పంచమపు తీగను మధ్యమానికి దించండి. సరిచూసే పద్ధతి కొద్దిగా మారుతుంది. మధ్యమపు తీగను మూడో వంతులో ఆనించి మీటితే 277.2 రావాలి, సారణిని సగంలో ఆనించి మీటినా అదే రావాలి. పంచమం లేని హిందోళం వంటి రాగాన్ని ఎక్కువసేపు పాడేటప్పుడూ ఇలాగే చేసుకోవచ్చు. ఆ పాట అయిపోగానే తీగను పంచమానికి ఎక్కించాక మళ్లీ పరీక్షించడం మరువకండి.

6. జీవ

నాలుగు తీగలూ కలిశాకే దారం పెట్టాలి. గుర్రం మీద తీగ కిందికి దారాన్ని పోనిచ్చి, మీటుతూ నెమ్మదిగా ముందుకు వెనక్కి జరపండి. ఒకచోట నాదం ఒక్కసారిగా విచ్చుకొని, జుమ్మనే ధ్వనితో స్వయంభూ స్వరాలన్నీ పైకి వస్తాయి. అక్కడ ఆపండి. ఆ చోటు వెంట్రుకవాసిలో తప్పిపోతుంది, కనుక తొందరపడకండి. గుర్రం పైభాగం చదునుగా, కొద్దిపాటి వంపుతో ఉండడం వల్లనే ఇది సాధ్యమవుతుంది. మామూలుగా తీగను ఏ బిందువు దగ్గర మీటితే ఆ బిందువు కదలకుండా ఉండవలసిన స్వరాలు నాదంలో వినిపించకూడదు. తంబుర, వీణల గుర్రాలు ఆ నియమాన్ని పాటించవని, ఆ స్వరాలూ బలంగా వినిపిస్తాయని సి.వి. రామన్ 1921లో ప్రచురించిన పరిశోధనలో చూపారు.

దారం పెట్టాక శ్రుతి కొద్దిగా కదులుతుంది. పూసలతో మళ్లీ సరిచేసుకోండి.

7. గాంధారం పరీక్ష

శ్రుతి నిజంగా కలిసిందో లేదో చెప్పేది ఈ పరీక్షే. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం వరుసగా, సమానమైన లయతో, సమానమైన బలంతో కాసేపు మీటండి. కళ్లు మూసుకొని వినండి. మంద్రం మోగిన తరువాత తీగల్లో ఎక్కడా కట్టని అంతర గాంధారం పైన సన్నగా, స్పష్టంగా వినిపించాలి. వినిపిస్తే మీ శ్రుతి సరిగ్గా ఉంది. వినిపించకపోతే ముందు జీవను, తరువాత మంద్రాన్ని, ఆ పైన పంచమాన్ని సరిచూడండి. చెవికి ఇంకా అలవాటు కాకపోతే మంద్రపు తీగను ఐదో వంతు గీత దగ్గర, 18 సెంటీమీటర్ల చోట ఆనించి మీటండి. ఆ స్వరాన్ని కాసేపు లోగొంతుతో పాడి, తరువాత తంబురను మామూలుగా మీటండి. వెతకవలసిన స్వరం ఏదో తెలిసింది కాబట్టి ఇప్పుడు నాదంలో దొరుకుతుంది.

ఇప్పుడు పెట్టె గాంధారపు మెట్టు నొక్కండి. తీగలోని గాంధారం 346.5, పెట్టెది 349.2. సెకనుకు దాదాపు మూడు ఊపులు! ఇదే భజనలో చెవికి గుచ్చుకునేది. తీగ గాంధారం 386 సెంట్ల దగ్గర, పెట్టె గాంధారం 400 సెంట్ల దగ్గర ఉన్నాయి. ఈ 14 సెంట్ల తేడాను ఏ బిరడా తిప్పినా పోగొట్టలేరు, పోగొట్టాలని తంబురను చెడగొట్టుకోవద్దు. తంబుర తోడుగా నిలబెట్టి పాడేటప్పుడు చతుశ్రుతి ధైవతం దగ్గర 16 సెంట్లు, కాకలి నిషాదం దగ్గర 12 సెంట్లు ఇలాగే తేడా వస్తుంది.

దీనికి మూడు మార్గాలున్నాయి. మొదటిది, నాకు బాగా నచ్చినది: పెట్టె వాయించేవారు గాంధార, ధైవత, నిషాదాల మీద నిలిచిపోకుండా తాకి దాటాలి, పాడేవారు ఆ స్వరాల మీద నిలిచినప్పుడు పెట్టె షడ్జం మీదికో పంచమం మీదికో రావాలి. ఇది అలవాటైతే వినేవారికే తెలిసిపోతుంది. రెండోది, రీడ్లను గీయించి పెట్టెనే ఒక షడ్జానికి స్వచ్ఛంగా శ్రుతి చేయించడం. మీ మండలి ఎప్పుడూ ఒకే శ్రుతిలో పాడుతుంటేనే ఇది పనికివస్తుంది, ఎందుకంటే ఆ తరువాత వేరే మెట్టును షడ్జం చేసుకుంటే పెట్టె మునుపటికంటే అపస్వరంగా ఉంటుంది. రీడ్లను సొంతంగా గీయకండి, ఒకసారి పోయిన లోహం తిరిగి రాదు. మూడోది, విలంబంగా పాడే శ్లోకం, పద్యం వంటి చోట్ల పెట్టెను పూర్తిగా ఆపడం.

పెట్టెనే పక్కన పెట్టాలని నేను అనను. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, మూడు దశాబ్దాల తరువాత గాని మళ్లీ రానివ్వలేదు. ఆ కాలమంతా మన ఊళ్ల రామాలయాల్లో, కురుమూర్తి జాతరలో, మన్యంకొండ మెట్ల మీద భజనలను నిలబెట్టింది ఆ పెట్టెలే. దాని హద్దు తెలుసుకొని వాడుకుంటే చాలు.

8. మిగిలిన వాద్యాలు

తంబుర కలిశాక మృదంగం కుడివైపును తంబుర షడ్జానికి కలపాలి. తాళాలు ఏ శ్రుతికీ కలవవు, వాటిని తంబురకు దూరంగా ఉంచండి. కిన్నెర వాయించేవారు వస్తే వరస మార్చాలి. పన్నెండు మెట్ల కిన్నెరలో మెట్లు వాయించేవారి చెవిని బట్టి అమర్చినవి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన, 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య గారి వాద్యం ఇదే. ఆ మెట్లను పెట్టె కోసం జరపమని అడగకండి. షడ్జం కిన్నెర నుంచి తీసుకొని తంబురను దానికి కలిపి, ఆ పాటలకు పెట్టెను ఆపండి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఫోను ట్యూనర్‌తో మంద్రాన్ని కలపడం అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. 69 కంపనాల నాదాన్ని ఫోను మైకు సరిగా పట్టదు, అందులోని మూడు రెట్ల స్వరాన్ని పట్టుకొని పంచమం పేరు చూపిస్తుంది. అది చూసి కంగారుపడి బిరడా తిప్పితే తీగ తెగుతుంది. ఫోను వాడాలంటే తీగను సగంలో ఆనించి మీటినప్పుడే చూడండి. పంచమం దగ్గర ముల్లు సున్నా మీద కాక రెండు సెంట్లు ఎక్కువ చూపాలి, మధ్యమానికి రెండు సెంట్లు తక్కువ చూపాలి. సున్నా మీద నిలిపితే మళ్లీ పెట్టె పంచమానికే కలిపినట్లు.

గట్టిగా మీటి కలపడం మరో పొరపాటు. గట్టిగా మీటిన తీగ మొదట శ్రుతి కాస్త పెరిగి, తరువాత దిగుతుంది. భజనలో ఎంత బలంతో మీటుతారో అంతే బలంతో మీటి కలపండి.

కొత్త తీగ వేసిన రోజే భజనకు తీసుకుపోవద్దు. కనీసం ముందురోజు కట్టి, శ్రుతికి ఎక్కించి, దిగినప్పుడల్లా మళ్లీ ఎక్కిస్తే అది సాగడం తగ్గుతుంది.

మన ప్రాంతపు ఎండ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వేసవిలో షామియానా కింద, విద్యుద్దీపాల వేడికి ఉక్కు, ఇత్తడి తీగలు సాగి శ్రుతి దిగుతుంది, ఎండిన బిరడాలు జారతాయి. అందుకని తంబురను భజన జరిగే చోటుకు ముందే తెచ్చి, అక్కడి వేడికి కాసేపు అలవాటు పడనిచ్చాకే కలపండి, బిరడాలకు సుద్ద రాయండి. వానకాలంలో చెక్క తేమ పీల్చి బిరడాలు బిగుసుకుంటాయి, బలంగా తిప్పితే విరుగుతాయి. అప్పుడు బిరడాను కొద్దిగా బయటికి లాగి, వదులు చేసి, తిరిగి నొక్కుతూ తిప్పండి.

భజన మధ్యలో ఒక తీగ జారితే పాట ఆపనక్కరలేదు. అది సారణి లేదా అనుసారణి అయితే వేలితో ఆపి, మిగిలిన మూడు తీగలతో మీటుతూ పాట పూర్తి చేయండి. పంచమం జారితే మాత్రం దాన్ని పూర్తిగా వదిలేయండి, జారిన పంచమం కంటే పంచమం లేకపోవడమే మేలు. పాటకూ పాటకూ మధ్య జయజయధ్వానాలు చేసే సమయం పూసలను సర్దుకోవడానికి సరిపోతుంది. ఇంటికి వచ్చాక అన్ని తీగలనూ ఒకటి రెండు స్వరాలు దించి, జీవ దారాలు తీసి, తంబురను గోడకు ఆనించకుండా గుడ్డ సంచిలో పడుకోబెట్టండి. మరుసటి వారం తీసేటప్పటికి పెన్సిలు గీతలు అలాగే ఉంటాయి, వాటి దగ్గర నుంచే మొదలుపెట్టండి.